పద్నాలుగో పెట్టె

ఉదయం పదకొండూ పదికి మొదటి పెట్టె మూత లేచింది. లోపల ఉండాల్సినవి నాలుగు కారు తలుపులు. ఉన్నవి మామిడికాయలు.

ఎర్ర వల సంచుల్లో బిగించి కట్టిన పచ్చి చిన్నరసాలు, పెట్టె అంచుదాకా. మూత ఎత్తిన ఇద్దరు కూలీలూ దాన్ని దించడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డారు. సింధూర పైసంచి మీద చెయ్యి వేసింది. కాయ గట్టిగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా ఆమెకు కాసేపు తోచలేదు.

"మీ సీలేగా మేడం?" వెనక నుంచి కృష్ణకాంత్ గొంతు వినిపించింది. "బాగా చూసుకోండి. నంబరు, సంతకం, లక్క. అన్నీ మీవేగా?"

అన్నీ ఆమెవే. పంతొమ్మిది రోజుల కిందట, బాపులపాడు దాటాక రోడ్డువార ఉన్న ఈ రేకుల గోడౌన్‌లోనే, పద్నాలుగు పెట్టెలకూ ఆమే దగ్గరుండి సీళ్లు వేయించింది. కస్టమ్స్ దర్యాప్తులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది సింధూర. ఇంత పెద్ద కేసు ఇదివరకెప్పుడూ ఆమె చేతికి రాలేదు.

వెల్‌డార్ఫ్ అనే యూరప్ కార్ల కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య మూడేళ్లుగా నడుస్తున్న గొడవ ఇది. కారుని ముక్కలు చేసి పెట్టెల్లో పెట్టి తెచ్చినా అది కారే, కారు మీద పడే దిగుమతి సుంకమే కట్టాలంటుంది ప్రభుత్వం. మేం తెచ్చింది కారు కాదు, విడిభాగాలు, వేరువేరు ఓడల్లో వేరువేరు బిల్లులతో వచ్చాయి, వాటికి సుంకం మూడో వంతే అంటుంది కంపెనీ. రెండు దేశాల మంత్రులు ఉత్తరాలు రాసుకునేదాకా పోయింది వ్యవహారం. ఒక ఓడ సరుకు విశాఖలో దిగేది, ఇంకో ఓడ సరుకు చెన్నైలో దిగేది. ఆ రెండు చోట్ల నుంచీ లారీలు బయల్దేరి హనుమాన్ జంక్షన్ మీదుగా ఈ గోడౌన్‌కే చేరుతున్నాయని సింధూర పట్టుకుంది. పద్నాలుగు పెట్టెలనీ ఒక్కచోట విప్పి చూపిస్తే, అవి ఫ్యాక్టరీ గడప దాటకముందే ఒక సెట్టు అని తేలిపోతుంది. అందుకే ట్రిబ్యునల్ ఒక అడ్వొకేట్ కమిషనర్‌ని నియమించి, పెట్టెలు తెరిపించి ఉన్నది ఉన్నట్టు రాసుకురమ్మంది.

ఆ కమిషనర్ శకుంతల. యాభై అయిదేళ్లుంటాయి. నూలు చీర, మెత్తటి మాట. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పెట్టెలోకి ఒకసారి చూసి, "రెండోది తెరవండి బాబూ," అంది.

రెండో పెట్టెలో బానెట్లు ఉండాలి. మామిడికాయలు. మూడో పెట్టెలో డాష్‌బోర్డులు ఉండాలి. మామిడికాయలు. నాలుగో పెట్టె మూత లేస్తున్నప్పుడు సింధూర అటు చూడలేదు. మూత తీసే మనుషుల మొహాలు చూసింది. వాటి మీదే తెలిసిపోయింది.

"ఇక చాలండీ," అన్నాడు కృష్ణకాంత్ కమిషనర్‌తో. "మిగతావి కూడా తెరిచి అందరి టైమూ పాడుచేయడం ఎందుకు? ప్రభుత్వం వారు కార్లని చెప్పి మామిడికాయల్ని జప్తు చేశారు. అంతేగా."

శకుంతల వాచీ చూసుకుంది. పదకొండూ నలభై అయిదు. "నిజమే, ఈ రేకుల కింద ఎండకి నేనూ ఉండలేను. మూడింటికి నివేదిక మీద సంతకం పెడతాను. ఈలోపు చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే చెప్పుకోండమ్మా సింధూర గారూ."

"ఇంకా పది పెట్టెలున్నాయండీ."

"చూద్దాం. అవసరమనిపిస్తే తెరుద్దాం," అని ఆవిడ పక్కనున్న ఆఫీసు గదిలోకి నడిచింది.

*

కృష్ణకాంత్ ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. ఇప్పుడు వెల్‌డార్ఫ్ తరఫున వచ్చాడు. రెండేళ్ల కిందట సింధూర పట్టుకున్న గడియారాల కేసు ఒకటి, పంచనామాలో ఇరవై నిమిషాల తేడా చూపించి ఇతనే కొట్టేయించాడు. అప్పట్నుంచీ ఆమె చేసే ప్రతి పనికీ టైము రాసుకుంటుంది.

"రేపు పేపర్లో ఏం రాస్తారో ఆలోచించారా?" అన్నాడతను పెట్టెకి ఆనుకుని. "సాక్ష్యం దొరక్క, ఉన్న సరుకుని అధికారులే మాయం చేసి కంపెనీ మీదకి తోశారని రాస్తారు. నేను రాయించక్కర్లేదు. వాళ్లే రాస్తారు."

"పెట్టె దగ్గర్నుంచి జరగండి."

"ఏంటి?"

"అది సాక్ష్యం. దాని మీద ఆనుకున్నారని కూడా టైముతో సహా రాసుకుంటాను."

అతను నవ్వుతూనే పక్కకి జరిగాడు. సింధూరకి నవ్వు రాలేదు. నోటుబుక్కులో 11.52 అని రాసి, ముందు తను చూడగలిగినవన్నీ చూడాలనుకుంది.

గోడౌన్ యజమాని బసవపున్నారావు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నూజివీడు మార్కెట్లో నలభై ఏళ్లుగా మామిడి వ్యాపారం. షెడ్డులో సగం తను వాడుకుని, మిగతా సగం వెల్‌డార్ఫ్ రవాణా కాంట్రాక్టరుకి అద్దెకిచ్చాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆ కాయలు నావి కాదు. నా పిల్లల మీద ఒట్టు."

"మీవని నేను అనట్లేదండీ. కాయని చూసి ఎప్పుడు కోశారో చెప్పగలరా?"

ఆ ప్రశ్నకి ఆయన ముందు తెల్లబోయి, తర్వాత సర్దుకున్నాడు. ఒక సంచి విప్పి, నాలుగు కాయలు తీసి వెలుతురులోకి పట్టుకెళ్లాడు. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇవి కోసిన కాయలు కాదమ్మా. గడకి కట్టిన చిక్కంతో కోస్తే తొడిమ కాస్త మిగులుతుంది. వీటిల్లో దేనికీ తొడిమ లేదు చూడండి, సొన మొత్తం బయటికొచ్చి కాయంతా కారింది. ఇదిగో ఈ పక్క మట్టి. ఇవి గాలికి రాలిన కాయలు."

"గాలి ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం సాయంత్రం. అయిదున్నరకి మొదలై గంటసేపు ఊపేసింది. సగం పంట నేలపాలు. అదే దెబ్బకి కరెంటు కూడా పోయింది. మళ్లీ నిన్న మధ్యాహ్నం మూడింటికి వచ్చింది."

"అప్పటిదాకా సీసీ కెమెరాలు పనిచేయలేదన్నమాట."

"లేదమ్మా. ఇన్వర్టరు ఆఫీసు గదికే."

ఇవాళ గురువారం. పంతొమ్మిది రోజులు ఎవరూ ముట్టుకోని పెట్టెల్ని మంగళవారం సాయంత్రానికీ నిన్న మధ్యాహ్నానికీ మధ్య ఎవరో ఖాళీ చేసి నింపారు. మరి సీళ్లు? సింధూర టార్చి వేసి మొదటి పెట్టె చుట్టూ తిరిగింది. మూతకి, ముందు పలకకి, రెండు పక్కలకీ సీళ్లు భద్రంగా ఉన్నాయి. వెనక పలక గోడవైపుంది. గోడకీ పెట్టెకీ మధ్య జానెడు ఖాళీ.

పంతొమ్మిది రోజుల కిందట ఆ ఖాళీ లేదు. పెట్టెలు గోడకి ఆనుకుని ఉండేవి. ఆనుకుని ఉన్నాయి కదా, ఇక చెయ్యెలా పడుతుందని వెనక పలకకి ఆమె సీలు వేయించలేదు.

ఆ ఖాళీలోకి చెయ్యి దూర్చి తడిమింది. యూరప్‌లో బిగించిన స్క్రూలన్నీ నక్షత్రం గాడితో, పసుపు రంగు పూతతో ఉన్నాయి. కింద వరసలో మూడింటికి మాత్రం మామూలు గాడి, కొత్త మెరుపు. హనుమాన్ జంక్షన్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికేవి. పాతవి ఎక్కడో జారిపోయి ఉంటాయి.

"వెనక నుంచి విప్పారు," అంది పైకే. తన తప్పు తన గొంతులోనే వినిపించింది.

"పంచనామా మీకు ఎప్పుడూ కలిసిరాదు," అన్నాడు కృష్ణకాంత్. ఎప్పుడొచ్చాడో, రెండడుగుల దూరంలో నిలబడి అంతా చూస్తున్నాడు. కానీ ఆ మూడు స్క్రూలని తనే వంగి రెండుసార్లు చూశాడు.

పెట్టె ఒక్కోటీ అయిదారు వందల కేజీలుంటుంది. దాన్ని గోడ నుంచి జరపాలంటే మనుషుల వల్ల కాదు. సింధూర మూలనున్న ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరికి వెళ్లింది. స్టీరింగ్ పక్కన, బండి ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు. గోడకి వేలాడుతున్న పుస్తకంలో మంగళవారం సాయంత్రం అయిదింటికి రాసిన అంకె 4216. తర్వాత ఏ పనీ జరగలేదని రాసి ఉంది. మీటరు మీద ఇప్పుడు 4221.

"అయిదు గంటలు," అంది సింధూర. "దీని తాళం ఎవరి దగ్గరుంటుంది?"

బసవపున్నారావు కళ్లు కిటికీ బయట, పంపు దగ్గర మొహం కడుక్కుంటున్న మనిషి మీదకి వెళ్లాయి.

"సూపర్‌వైజరు దగ్గర."

సూపర్‌వైజరు లక్ష్మీనరసింహారావు. రెండు రేవుల నుంచి వచ్చిన పెట్టెల్ని జతచేయడం తన పనేనని ఆమెకి మొట్టమొదట చెప్పిన మనిషి. ఈ కేసులో ఆమెకున్న ఒకే ఒక్క సాక్షి. అతని పేరు కంపెనీకి తెలియకూడదని వాంగ్మూలాన్ని సీల్డ్ కవర్లో ట్రిబ్యునల్‌కి ఇచ్చింది. ఆ సంగతి ఈ షెడ్డులో ఇంకెవరికీ తెలియదు.

"బసవపున్నారావు గారూ, రాలిన కాయలు ఇన్ని ఒక్కసారే ఎవరైనా కొంటే మార్కెట్లో తెలుస్తుందా?"

"తెలియకేం? ఊరగాయల వాళ్లు తప్ప ఎవరూ కొనరు." ఆయన ఫోను తీసి ఎవరికో చేశాడు. "ఒరే, నిన్న పొద్దున రాలుడుకాయ పెద్దమొత్తంలో ఎవరు పట్టుకెళ్లార్రా?... ఎవరు?... ఎన్ని బళ్లు?" ఫోను మెల్లగా దించాడు. "నిన్న పొద్దున ఏడింటికి రెండు వ్యాన్లు. నా పేరు చెప్పి తీసుకెళ్లాడటమ్మా. మా నరసింహారావే."

*

లోడింగ్ అరుగు చివర, ఖాళీ ట్రేల వరస వెనక, ఇద్దరే ఎదురెదురుగా కూర్చున్నారు. పన్నెండూ నలభై. నరసింహారావు సన్నటి మనిషి, నుదుటి మీద విభూతి చెమటకి చెదిరిపోయింది. సింధూర నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఫోర్క్‌లిఫ్ట్ అయిదు గంటలు నడిచింది. కాయలు మీరే కొన్నారు. నేను ఇంకేమీ అడగను నరసింహారావు గారూ. మీరే చెప్పండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో భయం కంటే కోపం ఎక్కువుంది. ఆమె అది ఊహించలేదు.

"మీరే చెప్పండి మేడం. నా పేరు బయటికి రాదన్నారు. మా ఇంట్లో కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, నాది పూచీ అన్నారు. మరి ఇదేంటి?"

ఫోను తీసి చూపించాడు. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోటో. సింధూర తన చేతిరాతని తనే గుర్తుపట్టింది. నరసింహారావు వాంగ్మూలం ఆఖరి పేజీ. కింద అతని సంతకం.

"ఇది... ఇది ఎలా..."

"నేనూ అదే అనుకున్నా. మీరే అమ్మేశారనుకున్నా. ఫోటో వచ్చిన అయిదు నిమిషాలకి ఫోనొచ్చింది. మగగొంతు, ఎవరో తెలీదు. పేరు చెప్పలేదు. మా పెద్దమ్మాయి నూజివీడు కాలేజీ నుంచి ఏ బస్సులో వస్తుందో చెప్పాడు, ఏ సీట్లో కూర్చుంటుందో కూడా చెప్పాడు. అంతే. తర్వాత నేను ఏం చెయ్యాలో చెప్పాడు. రాత్రికే వెనక పలకలు విప్పాలి. పొద్దున్న లారీ వస్తుంది, ఎక్కించాలి. బరువు తేడా రాకుండా ఏదో ఒకటి నింపాలి. రాళ్లు వెయ్యమన్నాడు. రాళ్లు మోసేందుకు మనుషుల్ని పిలిస్తే ఊరంతా తెలుస్తుంది. కాయలైతే ఇక్కడ ఎవడూ అడగడు."

"కవరు నా చేతుల్తో ట్రిబ్యునల్‌కి ఇచ్చానండీ. నా పిల్లాడి మీద ఒట్టు." ఇందాక బసవపున్నారావు ఒట్టేసినప్పుడు తను లోపల విసుక్కున్న సంగతి ఆమెకి గుర్తుకొచ్చింది.

రోడ్డు మీద ఒక లారీ హారను కొట్టుకుంటూ పోయింది.

"పదమూడే చేశాను మేడం," అన్నాడు చివరికి.

"ఏంటి?"

"పద్నాలుగోది ముట్టుకోలేదు. లారీవాడు ఎన్ని పెట్టెల సరుకు ఎక్కిందో లెక్కపెట్టుకోలేదు. పద్నాలుగూ అయిపోయాయని చెప్పేశా. ఎందుకు వదిలేశానో నాకే తెలీదు. ఇరవై రెండేళ్లుగా సరుకు కాపలా కాసే పని చేస్తున్నా. పదమూడు విప్పేసరికి చేతులు రాలేదు. ఆ మూలదే. దాని మూత కిందే ఫ్యాక్టరీవాళ్ల కాగితం ఉంటుంది. ఏ పెట్టెలో ఏ భాగముందో అందులో రాసి ఉంటుంది, రెండు ఓడల పెట్టెలూ ఒకే సెట్టు నంబరు కింద ఉంటాయి."

సింధూర లేచి నిలబడింది. పోయిందనుకున్న కేసు ఈ గోడకి అవతల, చెక్కపెట్టెలో చెక్కుచెదరకుండా ఉంది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"నరసింహారావు గారూ, ఇదంతా ఇప్పుడే కమిషనర్ గారికి చెప్పండి. నాతో కాదు, ఆవిడతో. నేను రాసుకుంటే బెదిరించి రాయించానంటారు. ఆవిడ ఎవరి మనిషీ కాదు. ఆవిడ ముందు చెబితే మీకూ రక్షణ, మీ అమ్మాయికీ రక్షణ. వెళ్లండి. పద్నాలుగో పెట్టె సంగతి కూడా చెప్పండి. నేను మీ అమ్మాయి సంగతి చూసుకుంటాను."

అతను తల ఊపి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆఫీసు గది వైపు నడిచాడు. సింధూర టైము రాసుకుంది. 1.10. తర్వాత నూజివీడు పోలీసులకి ఫోను చేసి, కాలేజీ నుంచి ఆ అమ్మాయిని వాళ్ల సంరక్షణలోకి తీసుకోవాలని వివరాలన్నీ చెప్పింది. వాళ్లు వెంటనే మనిషిని పంపుతామన్నారు.

*

తిరిగి షెడ్డులోకి వచ్చేసరికి కృష్ణకాంత్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"అరగంట ఆ సూపర్‌వైజర్ని చాటుకి తీసుకెళ్లి ఏం పాఠం చెప్పారు?"

"మీ కంపెనీ అతనికి ఏం పాఠం చెప్పిందో విన్నాను. ఒక ఆడపిల్ల బస్సులో ఏ సీట్లో కూర్చుంటుందో తెలుసుకుని బెదిరించే కంపెనీకా మీరు పనిచేసేది?"

"మాటలు జాగ్రత్త మేడం." అతని మొహంలో నవ్వు పోయింది. "నేను మీ కేసులో బొక్కలు వెతుకుతాను. అది నా పని. సాక్షుల పిల్లల జోలికి పోయేవాణ్ని నేనైతే పదిహేనేళ్ల సర్వీసు వదిలేసి రావలసిన అవసరమే ఉండేది కాదు. ఆధారముంటే చూపించండి. లేదంటే క్షమాపణ చెప్పండి."

"ఆధారం కమిషనర్ గారి ముందుంది. మూడింటికి మీరే వింటారు."

అప్పుడే ఆఫీసు గది వైపు నుంచి బసవపున్నారావు కూతురు నవ్య గబగబా వచ్చింది. గోడౌన్ బిల్లులు, కంప్యూటరు పని అంతా ఆమే చూస్తుంది. చేతిలో ఒక కాగితం.

"మేడం గారూ, మీకు చూపించొచ్చో లేదో తెలీదు. కానీ మనసొప్పట్లేదండీ."

"ఏంటమ్మా?"

"పొద్దున్న కమిషనర్ గారు లోపలికి రాగానే పెన్‌డ్రైవ్ ఇచ్చి ప్రింటు తీయమన్నారండీ. మొదటి కాగితం మీద ఇంకు చారలు పడ్డాయి, ఇంకోటి తీసిచ్చాను. ఈ పాడైంది చెత్తలో వేద్దామని ఇప్పుడు తీస్తే కంటపడింది. చదవండి. నాలుగు పెట్టెలేగా తెరిచింది?"

సింధూర చదివింది. కృష్ణకాంత్ కూడా ఆమె భుజం మీంచి వంగి చదివాడు.

'పద్నాలుగు పెట్టెలనూ నా సమక్షమున ఒక్కొక్కటిగా తెరిపించి చూడగా, అన్నింటిలోను పచ్చి మామిడికాయలు మాత్రమే కనిపించినవి. ప్రభుత్వ సీళ్లు చెక్కుచెదరక యున్నవి.'

కింద ఇవాళ్టి తేదీ. శకుంతల పేరు.

"ఇది ప్రింటు తీసినప్పుడు టైమెంత?" సింధూర గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"పదకొండూ యాభై ఉంటుందండీ. కానీ పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు తయారైంది నిన్న సాయంత్రం ఆరూ ఇరవైకి. కంప్యూటర్లో కనిపించింది, అదీ చూశాను."

తెరవని పెట్టెల్లో ఏముందో శకుంతలకి నిన్న సాయంత్రమే తెలుసు. అన్నింటిలోనూ మామిడికాయలున్నాయనే తెలుసు. పద్నాలుగోది వదిలేశానని నరసింహారావు ఎవరికీ చెప్పలేదు కాబట్టి, అదొక్కటి మాత్రం తెలియదు.

సింధూరకి మిగతాదంతా ఒక్కసారిగా అర్థమైంది. సోమవారం ట్రిబ్యునల్ ఫైలు మొత్తం కమిషనర్‌కి అప్పగించింది. సీల్డ్ కవరుతో సహా. మంగళవారం రాత్రి నరసింహారావుకి ఫోటో వచ్చింది. ఎవరి మనిషీ కాదని తను నమ్మిన మనిషి.

పక్కన కృష్ణకాంత్ కాగితం నుంచి కళ్లు తీయలేదు. "నాలుగు తెరిచాక ఆపమని అడగండి అన్నారు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "నిన్న రాత్రి కంపెనీ లాయరు ఫోను చేసి చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. నా పేరుంటే చూసేవాళ్లకి నమ్మకంగా ఉంటుందని పెట్టుకున్నారు నన్ను." మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది అతనికి.

సింధూర సగమే వింది. అంతకంటే పెద్ద సంగతి ఆమెకి అప్పుడే తట్టింది.

"నరసింహారావు ఏడీ?"

"కమిషనర్ గారితో వెళ్లాడుగా," అన్నాడు బసవపున్నారావు గుమ్మంలోంచి. "ఆవిడ కార్లో. ఇక్కడ ఉక్కగా ఉంది, ఎక్కడైనా చల్లగా కూర్చుని స్టేట్‌మెంట్ రాసుకుంటానన్నారు. పది నిమిషాలైంది. నూజివీడు గెస్ట్‌హౌసుకన్నారు."

తనే పంపింది. పద్నాలుగో పెట్టె సంగతి కూడా చెప్పమని, వెళ్లమని, ఆవిడ ఎవరి మనిషీ కాదని, తన నోటితో తనే చెప్పి పంపింది.

నరసింహారావు నంబరుకి ఫోను చేసింది. మోగింది. మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తారు.

"నరసింహారావు గారూ, ఎక్కడున్నారు?"

"నా పక్కనే ఉన్నారమ్మా," అంది శకుంతల. పొద్దున్నటి మెత్తటి గొంతే. "మనిషి బాగా బెదిరిపోయి ఉన్నాడు. అంతా చెప్పాడు పాపం. ఇదిగో సింధూర గారూ, ఆ మూల పెట్టె జోలికి మీరు వెళ్లకండి. కమిషనర్ లేకుండా తెరిస్తే అది చెల్లదు, మీకు తెలియంది కాదు. ఈయన ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. నేను చెప్పేది అర్థమవుతోందిగా?"

సింధూర కళ్లు మూసుకుని వింది. మాటలు కాదు, మాటల వెనకాల. గాలి. బరువు బళ్ల మోత. ఎక్కడో దగ్గర్లో బస్సు ఆగిన చప్పుడు, కండక్టరు అరుపు: "జంక్షన్, జంక్షన్! గన్నవరం, విజయవాడ వాళ్లు ఎక్కండి!"

తర్వాత ఇంకో గొంతు, ఫోనుకి దూరంగా, గింజుకుంటున్నట్టు: "తెరిచెయ్యండి మేడం! నా కోసం ఆగొద్దు, తెరిచె..."

లైను తెగిపోయింది.

"ఏమన్నారు?" అన్నాడు కృష్ణకాంత్.

"నూజివీడు వైపు కాదు. హైవే ఎక్కారు, విజయవాడ వెళ్లే బస్సు పిలుపు వినిపించింది." సింధూర బుర్ర చకచకా పనిచేస్తోంది. పెట్టె మూసి ఉన్నంతసేపే నరసింహారావు నోరు మూయించడం వల్ల వాళ్లకి లాభం. దానిలో ఏముందో అందరికీ తెలిసిపోతే, అతనికి హాని చేసి వాళ్లు దాచగలిగేది ఏమీ మిగలదు. ఆ సంగతి అతనికి ఆమె కంటే ముందే అర్థమైంది. "నవ్యా, ఆవిడ కారు నంబరు గేటు పుస్తకంలో ఉంటుంది. పోలీసు కంట్రోల్ రూముకి చెప్పు. హనుమాన్ జంక్షన్ నుంచి విజయవాడ వైపు. సాక్షిని బలవంతంగా ఎక్కించుకుపోతున్నారని చెప్పు."

నవ్య పరిగెత్తింది. సింధూర కృష్ణకాంత్ వైపు తిరిగింది.

"పద్నాలుగో పెట్టె తెరిపించండి. ముందు సీళ్లు వీడియో తీయండి, నాలుగు వైపులా. మూత కిందున్న కాగితం, ప్రతి భాగం మీది నంబరు, అన్నీ టైముతో సహా తీసి ట్రిబ్యునల్ రిజిస్ట్రారుకి పంపండి. బసవపున్నారావు గారితో సంతకం చేయించి, కింద మీ సంతకం పెట్టండి."

"నేనా?" అతను ఆమెని తేరిపార చూశాడు. "మేడం, నేను అవతలి పార్టీ మనిషిని."

"అందుకే. మీ సంతకాన్ని మీ కంపెనీ కాదనలేదు," అంది సింధూర. అప్పటికే జీపు వైపు పరిగెడుతోంది.